పాత స్టీరియో ముప్పై ఏళ్లు, కొత్త సౌండ్‌బార్ నాలుగేళ్లు: కొనేముందు ఏమి చూసుకోవాలి?

ఉప్పుగాలి (విశాఖపట్నం) అడిగారు:

అందరికీ నమస్కారం. మాది ఎం.వి.పి. కాలనీ. మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. అంటే ఇంట్లో ఇనుము అన్నది ఏదైనా తుప్పు పట్టి తీరాల్సిందే.

మా నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పని చేసే రోజుల్లో, 1990లో, ఒక స్టీరియో కొన్నారు. ఆంప్లిఫయర్ వేరు, క్యాసెట్ డెక్కు వేరు, చెక్క పెట్టెల్లో రెండు పెద్ద స్పీకర్లు. డెక్కు ఏనాడో ఆగిపోయింది. లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది, చక్రాలు మాత్రం కదలవు. ఆంప్లిఫయరూ స్పీకర్లూ మేము 2019లో ఇల్లు మారే వరకు మోగుతూనే ఉన్నాయి. తర్వాత వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఈమధ్య దుమ్ము దులిపి వేస్తే ఎడమ పక్క శబ్దం వస్తూ పోతూ ఉంది. వాల్యూమ్ బాగా పెంచితే ఠక్కున వస్తుంది, తగ్గించి కాసేపు వింటే మళ్లీ మాయం. కుడి స్పీకర్ మృదంగం దెబ్బ పడినప్పుడల్లా బరబరమంటోంది.

ఇక నేను 2020లో కొన్న సౌండ్‌బార్. నాలుగేళ్లకు ఒకరోజు వెలగలేదు, అంతే. ఉరుము లేదు, మెరుపు లేదు. సర్వీసు సెంటరు వారు బోర్డు పోయిందన్నారు. ఆ మోడలు ఆపేశారు కాబట్టి బోర్డు రాదన్నారు. పాతది ఇచ్చేస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తామన్నారు. నేను ఇవ్వలేదు, కోపం వచ్చి ఇంటికి తెచ్చేసుకున్నాను.

నిజంగా ఆ రోజుల్లో సామాను గట్టిగా చేసేవారా, లేక మా నాన్నగారికి అదృష్టం కలిసివచ్చిందా? పాత సెట్టు మీద డబ్బు పెట్టడం దండగా? ఇంకో పదిహేనేళ్లు ఇంట్లో పాటలు వినాలంటే ఇప్పుడు ఏమి కొనాలి?


మేడమీది గది (హైదరాబాద్):

కొంచెం కటువుగా అంటాను, ఏమీ అనుకోవద్దు. 1990లో మీ నాన్నగారు ఆ స్టీరియోకి పెట్టింది ఒకటి రెండు నెలల జీతం అయి ఉంటుంది. మీ సౌండ్‌బార్‌కు మీ జీతంలో ఎన్నో వంతు పెట్టారు? ఆ లెక్కన నాలుగేళ్లు న్యాయమే. చవకగా కొనడం, పోతే ఇంకోటి కొనడం, ఈ కాలపు పద్ధతి ఇదే. పాతదాన్ని పట్టుకుని మెకానిక్కుల చుట్టూ తిరిగే సమయానికి విలువ కట్టుకోండి.


టంకం పొగ (కాకినాడ):

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా కాకినాడలో రేడియోలు, టేపురికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం నడిపి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నవాడిని. మీ ఉప్పుగాలే మాకూనూ. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు పాతవన్నీ గట్టివన్న మాట వదిలేయండి. మీ నాన్నగారితో పాటు ఆ ఏడాది కొన్నవారి సెట్లలో చాలావరకు ఎప్పుడో పాత సామాన్ల బండి ఎక్కాయి. బతికినవే మన కళ్లకు కనిపిస్తాయి. గ్యారంటీ కార్డు మీద సిరా ఆరకముందే నా బల్ల మీదికి వచ్చిన సెట్లు ఆ రోజుల్లోనూ ఉన్నాయి. కాకపోతే వాటిని లేపి కూర్చోబెట్టగలిగేవాళ్లం.

అందుకే ఎవరు ఏ సెట్టు గురించి అడిగినా నేను చూసేది ఒక్కటే. ఇందులో ముందు పోయే భాగం ఏది, దాని స్థానంలో ఇంకో కంపెనీది వేస్తే పడుతుందా? మీ పాత ఆంప్లిఫయర్లో దాదాపు ప్రతిదీ పడుతుంది. పవర్ ట్రాన్సిస్టర్లకు ఈక్వలెంట్లు, అంటే అదే పని చేసే వేరే రకాలు, దొరుకుతాయి. కండెన్సరుకు (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం) విలువ, వోల్టేజి చూసుకుని, చోటు సరిపోతే చాలు, పేరుతో పని లేదు. ఫ్యూజు, రిలే (కరెంటుతో పని చేసే స్విచ్చి), వాల్యూమ్ కంట్రోలు కూడా అంతే. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మళ్లీ చుట్టించుకోవచ్చు. సౌండ్‌బార్లో పవర్ సప్లై పోతే అదృష్టమే, ఎక్కడైనా బాగవుతుంది. ప్రధాన బోర్డు పోతే మాత్రం దాని ప్రాసెసరు, అందులోని ప్రోగ్రాము ఆ కంపెనీ ఇస్తేనే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మా వృత్తికి ఇన్నేళ్లు అన్నం పెట్టింది ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్. అల్యూమినియం డబ్బాలో రసాయనంతో తడిపిన కాగితం చుట్ట ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ తడి అడుగున రబ్బరు మూత గుండా ఆరిపోతుంది. దాని ఒంటి మీద 85 డిగ్రీలనో 105 డిగ్రీలనో ముద్ర ఉంటుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని కంపెనీ రాసిందనుకోండి. వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. 65 డిగ్రీల దగ్గర అదే కండెన్సర్ 32,000 గంటలు రావాలి. రోజుకు నాలుగు గంటలు వింటే ఇరవై ఏళ్ల పైమాటే. అక్కడే అదే 2,000 గంటల లెక్కతో 85 డిగ్రీల రకం వేస్తే 8,000 గంటలు, అంటే అయిదున్నర ఏళ్లు.

ఇప్పుడు మీ సౌండ్‌బార్‌కు రండి. మీరు రిమోట్ నొక్కి ఆపానని అనుకుంటారు. అది ఆగదు. మళ్లీ రిమోట్ ఎప్పుడు నొక్కుతారా అని కనిపెట్టుకుని ఉండటానికి లోపల ఒక చిన్న పవర్ సప్లై రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. టీవీ కింద గాలి ఆడని అరలో అదే 65 డిగ్రీల వేడి ఉంటే 32,000 గంటలను దీనితో భాగించి చూడండి, నాలుగేళ్లు నిండవు. మీది ఇందువల్లే పోయిందని విప్పి చూడకుండా అనలేను గానీ, ఉరుము లేకుండా పోయిందని ఆశ్చర్యపడక్కరలేదు.

మీ ఎడమ పక్క రోగం మాత్రం మీరే చెప్పేశారు. వాల్యూమ్ పెంచితే ఠక్కున వస్తుందన్నారు కదా, అది నూటికి తొంభై పాళ్లు స్పీకర్ రిలే. ఆన్ చేసిన కొన్ని క్షణాలకు లోపల టక్కుమంటుందే, అదే. దాని కాంటాక్టుల మీద పొర కట్టింది. చిన్న కరెంటు ఆ పొరను దాటలేదు, పెద్ద కరెంటు చీల్చుకుని పోతుంది. కొందరు దాన్ని విప్పి గరుకు కాగితంతో రుద్దుతారు. పైపూత కాస్తా పోయి కొద్ది నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. కొత్త రిలే వేయించండి. వాల్యూమ్ తిప్పేటప్పుడు గరగర కూడా ఉంటే కాంటాక్టు క్లీనరు కొట్టి పాతికసార్లు అటూ ఇటూ తిప్పమనండి. తలుపు కీళ్లకు కొట్టే స్ప్రే మాత్రం దగ్గరికి రానివ్వకండి.

కుడి స్పీకర్ జాలీ తీసి ఊఫర్ (బరువైన శబ్దాలు పలికే పెద్ద స్పీకర్) అంచు చూడండి. మెత్తటి ఫోమ్ అంచు అయితే వేలు తగలగానే పొడిపొడిగానో జిగటగానో రాలుతుంది. మన తేమకు ఆ ఫోమ్ వాడినా వాడకపోయినా పదిహేను ఇరవై ఏళ్లకు విరిగిపోతుంది. రబ్బరు అంచూ బట్ట అంచూ దాని కంటే ఎన్నో ఏళ్లు ఎక్కువ వస్తాయి. కోన్ (మధ్యలో గరాటులా ఉండి కదిలే భాగం) బాగుంటే అంచు ఒక్కటే మార్పించవచ్చు. రెండు చేతుల వేళ్లతో కోన్‌ను సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తే కోన్ వెనక ఉండే తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, ఒరిగిందన్నమాట, అప్పుడు రీకోనింగే (కోన్, కాయిల్ కొత్తవి వేయించడమే) గతి. అంచు మార్పిస్తే మాత్రం రెండు స్పీకర్లకూ ఒకేసారి మార్పించండి, లేకపోతే ఒకటి బిగుతుగా ఇంకొకటి వదులుగా మోగుతుంది. అప్పటిదాకా ఆ స్పీకర్‌ను వాయించకండి.

డెక్కు గురించి దిగులు వద్దు. మోటారు తిరిగి చక్రాలు తిరగడం లేదంటే బెల్టు పోయింది. ఇన్నేళ్లకు ఆ రబ్బరు కరిగి తారులా పుల్లీలకు అంటుకుని ఉంటుంది. స్పిరిట్‌తో ఓపిగ్గా తుడిచి కొత్త బెల్టు వేయాలి. టేపును నొక్కి లాగే పించ్ రోలరు గట్టిపడి ఉంటే అదీ మార్చాలి, లేకపోతే టేపు నమిలేస్తుంది. పాత క్యాసెట్లకు బూజు పట్టి ఉంటే వాటిని అందులో పెట్టనే వద్దు, టేపు చదివే హెడ్డు మూసుకుపోతుంది.

ఒక ముఖ్యమైన మాట. అయిదేళ్లు మూలన పడి ఉన్న ఆంప్లిఫయర్‌కు మేము నేరుగా కరెంటు ఇవ్వం. వాడకుండా ఉంచితే కండెన్సర్లలోని సన్నటి ఆక్సైడు పొర బలహీనపడుతుంది. పాత ఫిలమెంటు బల్బు ఒకటి సీరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే సెట్టుకు వెళ్లేలా, పెట్టి, స్పీకర్లు తీసేసి ఆన్ చేస్తాం. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ఫర్వాలేదు. వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది. మీరు ఇప్పటికే వేసి చూశారు, ఏమీ కాలేదు, సంతోషం. ఇక మెకానిక్కు చూసేదాకా వేయకండి.

ఉప్పు గురించి అడగలేదు కానీ చెప్పాలి. స్పీకర్ వైరు కొస ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటుంది, చూడండి. అంగుళం కత్తిరించి కొత్త రాగి తేల్చి బిగించుకుంటే శబ్దం సగం బాగుపడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత మీ వైపు నుంచి తడిసిన సెట్లు మా దాకా వచ్చాయి. అప్పుడు చూశాను. మూత విప్పి పూర్తిగా ఆరబెట్టినవి చాలావరకు బతికాయి. కరెంటు రాగానే పని చేస్తుందో లేదో చూద్దామని స్విచ్చి వేసినవి కాలిపోయాయి. ఉప్పునీరు ఆరినా ఉప్పు మిగులుతుంది, అది గాలిలో తేమ పీల్చుకుని కరెంటును పారనిస్తుంది. అటువంటి బోర్డును డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మరీ ఆరబెట్టాలి. నీళ్లతో కడగడమేమిటని కస్టమర్లు నన్ను వింతగా చూసేవారు.

తుపాను తర్వాత ఇంకో గండం న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగడం. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ వదిలిపోతే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. పాత సెట్టూ చూడదు, కొత్త సెట్టూ చూడదు, ఇంట్లో అన్నీ పోతాయి. మెయిన్ బోర్డులో వోల్టేజి హద్దు దాటితే కత్తిరించే పరికరం ఒకటి పెట్టించుకోండి. తర్వాత స్థానం బల్లిది. వెచ్చదనానికి ఆంప్లిఫయర్లో చేరి రెండు తీగల మధ్య పడి తనూ పోతుంది, ట్రాన్సిస్టర్లనూ తీసుకుపోతుంది. అలాగని గాలి రంధ్రాలు మూసేయకండి, ఆ వేడికి కండెన్సర్లు పోతాయి.

మేడమీది గది గారి ధరల లెక్క తప్పు కాదు. నేను మాత్రం స్పీకర్లకు ఎక్కువ డబ్బు పెట్టి, పెట్టెలోకి ఏ కంపెనీ వైరు అయినా తగిలించగలిగేవి కొంటాను. వాటికి రబ్బరు అంచు ఉండాలి. మామూలు స్టీరియో ఆంప్లిఫయర్ ఒకటి. ఫోన్లోంచి పాటలు అందుకునే చిన్న డబ్బా వేరుగా. నాలుగేళ్లకు పోతే ఆ డబ్బా పోతుంది, మిగతాది ఉంటుంది. అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిపోవడం చూడటానికి బాగుంటుంది, పోయేటప్పుడు కూడా అన్నీ కలిసే పోతాయి.


బ్యాంక్ స్ట్రీట్ (హైదరాబాద్):

మాష్టారి మాటకు ఒక చేర్పు. పాత ఆంప్లిఫయర్ మూత విప్పినప్పుడు హీట్‌సింక్‌కు (వేడిని బయటికి పంపే లోహపు దిమ్మె) ఏమి బిగించి ఉందో చూసుకోండి. విడివిడి ట్రాన్సిస్టర్లు అయితే మంచిది. ఎస్‌టీకే అని మొదలయ్యే పెద్ద నల్లటి ఐసీ (ఎన్నో భాగాలు ఒకే ముక్కలో ఇమిడినది) ఉంటే జాగ్రత్త. అవి సాన్యో వారివి, అప్పట్లో చాలా కంపెనీలు వాడాయి. ఇప్పుడు బజారులో ఆ పేరుతో దొరికేవాటిలో నకిలీలు ఎక్కువ. తక్కువ శబ్దంలో బాగానే మోగుతాయి, కాస్త పెంచితే పేలతాయి. కోఠి గుజరాతీ గల్లీలో నమ్మకమైన దుకాణదారుడైతే తానే చెబుతాడు, ఇది అసలుది కాదని. చెప్పకపోతే ధర చూసి మీరే అర్థం చేసుకోవాలి.

సీడీ ప్లేయర్లకూ ఇదే న్యాయం. సోనీ కేఎస్‌ఎస్ 213 రకం లేజరు ఎన్నో కంపెనీల ప్లేయర్లలో ఉండేది. అది కళ తప్పితే ఇంకోటి ఇప్పటికీ వెతికి వేయవచ్చు. ఒకే ఒక మోడలు కోసం చేసిన లేజరు ఉన్న ఖరీదైన ప్లేయరు అలమారలో బొమ్మై కూర్చుంటుంది.


రెండు ఖండాలు (డల్లాస్):

ఇక్కడి నుంచి సామాను తెచ్చుకునేవారి కోసం. మా బంధువుల ఇళ్లలో చూశాను. అమెరికాలో చవకగా వచ్చిందని రిసీవరు (రేడియో కూడా ఉన్న ఆంప్లిఫయర్) సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లి, గుంటూరులో గోడకు తగిలించిన క్షణంలోనే పొగ. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. వెనక రెండు వోల్టేజీలూ రాసి లేకపోతే వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, అది కూడా సెట్టు తీసుకునే వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉన్నది. అయినా ఇక్కడి 60 హెర్ట్జ్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద మరికాస్త వేడెక్కుతుంది. కరెంటు లయతోనే తిరిగే పాతరకం రికార్డు ప్లేయరైతే వేగం ఆరింట ఒక వంతు తగ్గి, పాట గొంతు బొంగురుగా సాగుతుంది.

యాప్‌తో నడిచేవాటి గురించి కూడా. 2020 మే తర్వాత సోనోస్ అనే స్పీకర్ల కంపెనీ తన పాత మోడళ్లకు కొత్త అప్‌డేట్లు ఆపింది. అవి మూగబోలేదు, పాత యాప్‌తో పని చేస్తూనే ఉన్నాయి. కానీ స్పీకర్ కోన్ చెక్కుచెదరకుండా ఉండగానే దానికి వయసైపోయిందని తయారుచేసినవారు చెప్పే రోజులివి. కొనేముందు ఇంటర్నెట్ ఆపేసి, మామూలు వైరుతో పాట వస్తుందా అని దుకాణంలోనే వేయించి చూడండి.


ఉప్పుగాలి (విశాఖపట్నం):

అందరికీ ధన్యవాదాలు. జాలీ తీసి చూశాను. కుడి ఊఫర్ అంచు సగం చుట్టూ ఊడిపోయి ఉంది, ఎడమది ముట్టుకోగానే రాలింది. కోన్ నొక్కితే గీసుకుంటున్న చప్పుడు లేదు. వైరు కొసలు నిజంగానే పచ్చగా ఉన్నాయి. నాన్నగారికి చూపిస్తే, నేను అప్పుడే రబ్బరు అంచువి అడిగాను, దుకాణంవాడు ఇవే మేలన్నాడు అని ఇన్నేళ్ల తర్వాత వాడి మీద కోపం తెచ్చుకున్నారు.

మాష్టారూ, ఇంకో రెండు సందేహాలు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు పాత ఆంప్లిఫయర్ గుయ్యిమనేది, అది చెడిపోవడానికి గుర్తా? ఇకమీద కొనేవాటిని రోజూ గోడ స్విచ్చి దగ్గరే ఆపేయమంటారా?


మేడమీది గది (హైదరాబాద్):

రోజూ గోడ స్విచ్చి ఆపి వేస్తే, వేసిన ప్రతిసారీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు దూకుతుంది కదా. అది మంచిదా? మాష్టారి లెక్కలో ఆ సంగతి లేదు.


టంకం పొగ (కాకినాడ):

మంచి ప్రశ్నే. దూకుతుంది, నిజం. దాన్ని అడ్డుకోవడానికే ఆ పవర్ సప్లైల ముఖద్వారంలో చల్లగా ఉన్నప్పుడు కరెంటును ఆపి, వేడెక్కాక దారి వదిలే చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. గంటకు పదిసార్లు ఆపి వేస్తే దానికి చల్లారే వ్యవధి ఉండదు, అది చెడ్డది. రాత్రి ఆపి మర్నాడు వేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఎండాకాలం ఊరెళ్లేటప్పుడైతే ప్లగ్గే పీకేసి వెళ్లండి.

గుయ్యిమనడం సెట్టు జబ్బు కాదమ్మా, ఇన్వర్టర్‌ది. చవక ఇన్వర్టర్లు నునుపైన అలకు బదులు మెట్లు మెట్లుగా ఉండే కరెంటు ఇస్తాయి. దానికి ట్రాన్స్‌ఫార్మర్ రేకులు మూలుగుతాయి, కాస్త వేడి కూడా ఎక్కువ పుడుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ మూలుగు ఉండదు. కొత్తది కొనే ఉద్దేశం లేకపోతే కరెంటు లేని కాసేపు పాటలు ఆపుకోండి.

అంచులు మార్పించండి, కోన్లు బాగున్నాయి కాబట్టి ఖర్చు దండగ కాదు. ఈసారి మీ నాన్నగారు అడిగిన రబ్బరువే వేయించండి. అవి బరువు, శబ్దం కొద్దిగా మారుతుందని రీకోనింగ్ చేసేవాళ్లు కొందరు ఒప్పుకోరు. మారితే మారనీయండి, మన సముద్రం పక్కన ఫోమ్ మళ్లీ అదే దారి పడుతుంది. రిలే కొనేటప్పుడు పాతదాని మీద కాయిల్ వోల్టేజి చూసి అదే తీసుకోమనండి. 12 వోల్టులది ఉండాల్సిన చోట 24 ది పెడితే అసలు అతుక్కోదు.

మెకానిక్కు పని అయిపోయిందనగానే స్పీకర్లు తగిలించనివ్వకండి. ముందు మల్టీమీటరు పెట్టి, పాట లేకుండా, రెండు పక్కలా స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ (ఒకే దిక్కుగా పారే కరెంటు) వోల్టేజి ఎంత వస్తోందో చూపించమనండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింతగా తగిలించుకోవచ్చు. వోల్టుల్లో కనిపిస్తే లోపల ట్రాన్సిస్టరేదో పోయిందన్నమాట, కొత్త అంచు వేయించిన ఊఫర్ వాయిస్ కాయిల్ నిమిషంలో కాలిపోతుంది. ఆ చూపించడానికి విసుక్కునే మెకానిక్కు అయితే సెట్టు తీసుకుని వేరే దుకాణానికి వెళ్లండి.